మా రోజుల్లో చదివి పంపేవాళ్ళం

ఈ మధ్య ఇంజనీరింగ్ చదివే పిల్లల్ని ఎవర్ని కదిపినా ఓపెన్ సోర్స్ అంటున్నారు. సంతోషం. ఏం చేశావురా అంటే పుల్ రిక్వెస్ట్ పెట్టానంటారు, అంటే నా మార్పు తీసుకోండన్న అభ్యర్థన. ఎక్కడ పెట్టావంటే గిట్‌హబ్‌లో అంటారు. ఆ కోడ్ రాసేదెవరు, వాళ్ళు పనిచేసేదెక్కడ, నువ్వు పెట్టింది వాళ్ళ కంటబడే దారి ఉందా అని అడిగితే మాత్రం నోరు మెదపరు. మా రోజుల్లో ఈ మూడింటికీ జవాబు తెలియకుండా ఒక్క అక్షరం పంపడం కుదిరేది కాదు. అలా కుదరకపోవడమే మాకు మంచిదైందని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

నేను తమిళనాడులోని కోవిల్‌పట్టివాణ్ణి. ఊళ్ళో ఒక నూలు మిల్లులో జీతాల పట్టీల దగ్గర్నుంచి బేళ్ళ లెక్కల దాకా కంప్యూటర్లు చూసుకుని రిటైరయ్యాను. మా అక్కయ్యను ఇచ్చింది విరుదునగర్. ఈ రెండూళ్ళ మధ్య తిరుగుతూనే నా జీవితం గడిచింది. మా వైపు తెలుగువాళ్ళ సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. మా పక్కనున్న ఇడైసేవల్‌లో పుట్టిన కీ. రాజనారాయణన్ గారి ఇంటి భాష తెలుగే. ఆయన తమిళంలో రాశారు. మా కరిసల్ (నల్లరేగడి) నేల తెలుగువాళ్ళ బతుకుల్ని నవలలుగా మలిచి, 'గోపల్లపురత్తు మక్కళ్'కి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. మా పెద్దవాళ్ళు పెళ్ళిపాటలు, ఇంటి ఉత్తరాలు తెలుగులోనే రాసుకున్నారు. లిపి మాత్రం తమిళం.

ఆ రాతల్ని తెలుగు లిపిలోకి తెచ్చే చిన్న ప్రోగ్రాము ఒకటి కొందరు స్నేహితులం కలిసి నడుపుతున్నాం. తెలుగు లిపి రానివాళ్ళకి తెలుగు పుస్తకాన్ని తమిళ అక్షరాల్లో చూపించే పని కూడా అదే చేస్తుంది. దాని అసలు రిపాజిటరీ మా సొంత సర్వర్లో ఉంది. చర్చలు, పరీక్షలు, దిద్దుబాట్లు అన్నీ అక్కడే. గిట్‌హబ్‌లో ఉన్నది మిర్రర్. అంటే అచ్చమైన నకలు. రోజూ రాత్రి ఒక స్క్రిప్టు అసలుదాన్ని తీసుకెళ్ళి అక్కడ పెడుతుంది. వెతుక్కునేవాళ్ళకి దొరకాలని, మా సర్వరు పాడైతే ఇంకోచోట ప్రతి ఉండాలని పెట్టుకున్నాం. అంతకు మించి అక్కడ మాకు పనేమీ లేదు.

మిర్రర్ అంటే ఏమిటో మా విరుదునగర్ వాళ్ళకైతే ఒక్క మాటలో చెబుతాను. పప్పులు, మిరపకాయలు, ధనియాలు, నూనెల ధరలు అక్కడి మార్కెట్లో తేలతాయి. తమిళ పత్రికలు వాటిని 'విరుదునగర్ మార్కెట్ నిలవరం' అని అచ్చువేస్తాయి. ఎవరైనా టీకొట్లో కూర్చుని, పేపర్లో మిరపకాయల ధర కొట్టేసి పక్కన తనకు తోచిన అంకె రాస్తే మండీలో మూట ధర మారుతుందా? మారదు. మర్నాడు వచ్చే పేపరుకి ఆ కొట్టివేత సంగతే తెలియదు. మిర్రర్ ఆ పేపరు లాంటిది. ధర మార్చాలంటే మండీకి వెళ్ళాలి.

మిర్రర్ మీద పెట్టిన పుల్ రిక్వెస్టును మేం పొరపాటున మెర్జ్ చేశామనుకోండి, అంటే అక్కడే కలిపేసుకున్నామనుకోండి. ఆ రాత్రి స్క్రిప్టు వచ్చేసరికి అసలుకీ నకలుకీ పొంతన ఉండదు. స్క్రిప్టును మామూలుగా రాసి ఉంటే, నీ దగ్గర లేని కమిట్లు ఇక్కడున్నాయంటూ గిట్ ఆగిపోతుంది. బలవంతంగా నెట్టేలా రాసి ఉంటే ఆ దిద్దుబాటు తుడిచిపెట్టుకు పోతుంది. మొదటి దారిలో మిర్రర్ నిలిచిపోతుంది, రెండో దారిలో ఆ అబ్బాయి శ్రమ మాయమవుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే జవాబు కోసం వాడు నెలల తరబడి చూస్తాడు. ఇందులో ఎవరికీ లాభం లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పుల్ రిక్వెస్టును మూసేయగలం గానీ చెరిపేయలేం. దాని కమిట్లను గిట్‌హబ్ 'రెఫ్స్' కింద 'పుల్' అనే పేరుతో మన రిపోలోనే దాచి ఉంచుతుంది. ఆ రిపోను 'మిర్రర్' ఆప్షనుతో క్లోన్ చేస్తే అవన్నీ వెంట వస్తాయి. తిరిగి గిట్‌హబ్‌కి నెట్టబోతే, దాచిన రెఫ్‌ను మార్చనివ్వనంటూ వరసగా ఎర్రర్లు పడతాయి. సర్వర్లు మార్చేటప్పుడు ఈ ఎర్రర్లు చూసి ఏదో విరిగిపోయిందని కంగారుపడే కుర్రాళ్ళు చాలామంది. విరిగిందేమీ లేదు. ఎవరో ఎప్పుడో చదవకుండా నొక్కిన బటన్ల మిగులు అది.

మా రోజుల్లో ఎలా ఉండేదో చెప్పాలి. 'ప్యాచ్' అనే ప్రోగ్రామును లారీ వాల్ 1985లో రాసిచ్చాడు. పాత ఫైలుకీ కొత్త ఫైలుకీ తేడాను 'డిఫ్'తో తీస్తే, కూడిన వరస ముందు ప్లస్సు, తీసేసిన వరస ముందు మైనస్సు ఉంటాయి. ఆ తేడాను ఉత్తరంలో పెట్టి పంపితే అవతలివాళ్ళు 'ప్యాచ్'తో తమ ఫైలుకి అతికించుకుంటారు. లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టులో తన కెర్నెల్ సంగతి లోకానికి చెప్పిన నాటినుంచి చాలా ఏళ్ళు లినక్స్ పెరిగింది ఈ దారినే.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ తెరుచుకున్నదే 1995 ఆగస్టు 15న. కోవిల్‌పట్టిలో బ్రౌజింగ్ సెంటర్లు రావడానికి ఇంకా కొన్నేళ్ళు పట్టింది. అక్కడ గంటకింత అని డబ్బు కట్టాలి. అందుకని పని అంతా ఇంటి దగ్గరే ముగించేవాళ్ళం. పీసీ క్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలోని లినక్స్ ఎక్కించుకుని, దాని సోర్సు చదివి, మార్పు చేసి, కంపైల్ చేసి, నడిపి చూసి, డిఫ్ తీసి ఫ్లాపీలో వేసుకుని వెళ్ళేవాళ్ళం. వెళ్ళగానే పంపేసేవాళ్ళం కాదు. ముందు ఆ ప్రాజెక్టు పాత ఉత్తరాలు వెతికేవాళ్ళం. ఇదే మార్పు ఇంతకు ముందు ఎవరైనా పంపారా? పంపితే ఎందుకు వద్దన్నారు? ఈ భాగం చూసేది ఎవరు? ఆ పాత ఉత్తరాలను ఫ్లాపీలోకి దింపుకుని ఇంటికి తెచ్చుకుని చదివేవాళ్ళం. సగం సార్లు ప్యాచ్ అక్కర్లేదని ఆ చదువుతోనే తేలిపోయేది.

పంపినప్పుడు ఎందుకు మార్చాం, దేనిమీద పరీక్షించాం అన్నది రాయాలి. కెర్నెల్ సోర్సులో 'మెయింటెయినర్స్' అనే ఫైలే ఉంది. ఏ డ్రైవరుకి ఎవరు, ఏ ఫైల్ సిస్టంకి ఎవరు అని అందులో రాసి ఉంటుంది. ఇప్పుడైతే 'గెట్ మెయింటెయినర్' అనే స్క్రిప్టుకి ప్యాచ్ చూపిస్తే ఎవరికి పంపాలో అదే చెబుతుంది. 2004 నుంచి ప్యాచ్ సందేశం చివర 'సైన్డ్ ఆఫ్ బై' అని పేరు, ఈమెయిలు రాయాలి. ఈ కోడ్‌ను పంపే హక్కు నాకుందని అది సంతకం. ఆ ఒక్క వరస రాసేటప్పుడు మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు.

జవాబులు కటువుగా ఉండేవి. నిజమే. ట్యాబుల బదులు స్పేసులు పెట్టావని తిప్పికొట్టేవాళ్ళు. కాని అవతల ఒక మనిషి కూర్చుని నా పన్నెండు వరసలూ చదివాడని తెలిసేది. ఆయన చదివాడు కాబట్టి నేనూ చదవాలి అనిపించేది. ఆ మర్యాదే ఇప్పుడు కనబడటం లేదు.

మిర్రర్ల మీద ఈ రద్దీ ఎలా మొదలైందో చూడండి. 2005 ఏప్రిల్‌లో లైనస్ గిట్ రాశాడు. అంతకు ముందు కెర్నెల్ వాళ్ళు వాడుతున్న బిట్‌కీపర్‌ను ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో రాయాల్సి వచ్చింది. గిట్‌లోనే 'రిక్వెస్ట్ పుల్' అనే ఆదేశం ఉంది. నా కోడ్ ఫలానా చోట ఉంది, ఇందులో ఇన్ని మార్పులున్నాయి, ఇవిగో ఫైళ్ళు, తీసుకోండి అని ఒక ఉత్తరం తయారుచేసి ఇస్తుంది. 2008లో గిట్‌హబ్ వచ్చింది. ఆ ఉత్తరం బటన్ అయింది.

2011 ఆగస్టులో కెర్నెల్ డాట్ ఆర్గ్ సర్వర్లలోకి ఎవరో చొరబడ్డారని బయటపడింది. సైటు కొన్ని వారాలు మూతపడింది. పని ఆగకూడదని సెప్టెంబరులో లైనస్ తన కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టాడు. సర్వర్లు బాగుపడ్డాక అది మిర్రర్‌గా మిగిలింది. ఇక జనం దాని మీద పడ్డారు. 2012 మే నెలలో లైనస్ అక్కడే తేల్చి చెప్పాడు, గిట్‌హబ్ పుల్ రిక్వెస్టులు తాను తీసుకోనని. పంపినవాడి అసలు ఈమెయిలు కనబడదు, మార్పుల పట్టిక పనికొచ్చేలా ఉండదు, సందేశాలు పద్ధతిగా ఉండవు అని కారణాలూ చెప్పాడు. అయినా ఆగలేదు. చివరికి ఒక బాట్‌ను పెట్టాల్సి వచ్చింది. ఎవరైనా పుల్ రిక్వెస్ట్ తెరిస్తే, ఇది ఇక్కడ తీసుకోరు, ప్యాచ్ ఇలా తయారుచేయి, ఇలా పంపు అని అది మర్యాదగా చెబుతుంది. అంత వివరంగా చెప్పినా రీడ్‌మీ అనే పరిచయ ఫైల్లో తమ పేరు చేర్చే మార్పులు వస్తూనే ఉన్నాయి.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళు రిపో వర్ణనలోనే రాశారు, ఇది మిర్రర్ మాత్రమే, ఇక్కడి పుల్ రిక్వెస్టులతో మేం పనిచేయం అని. ఎఫ్ఎఫ్ఎంపెగ్ వాళ్ళు, ఇక్కడ పెట్టినవి మా సమీక్షలో భాగం కావు, పట్టించుకోబడవు అని ఏళ్ళ తరబడి రీడ్‌మీలో రాసి ఉంచారు. దాచిపెట్టిన నిబంధనలు కావివి. పేజీ తెరిస్తే కనబడేవి. చదవడానికి అరనిమిషం పట్టదు. ఆ అరనిమిషం కూడా పెట్టనివాడు ఆ కోడ్‌కి ఏం మేలు చేస్తాడు?

గిట్ ప్రాజెక్టు వాళ్ళు ఇంకో దారి చూపించారు, అది నాకు నచ్చింది. వాళ్ళ గిట్‌హబ్ రిపో కూడా ప్రచురణకే. అసలు పని ఈమెయిళ్ళలో. అయితే ఈమెయిలు ప్యాచ్‌లు తెలియని కొత్తవాళ్ళ కోసం గిట్‌గిట్‌గాడ్జెట్ అనే వంతెన కట్టారు. అక్కడ పుల్ రిక్వెస్ట్ పెట్టి అనుమతి పొందితే అది ప్యాచ్‌లుగా మారి అసలు చోటికి వెళుతుంది. కొత్తవాణ్ణి తరిమేయలేదు, తమ పద్ధతినీ వదులుకోలేదు. కాని ఇలాంటి వంతెన కట్టడానికీ, కాపాడటానికీ మనుషులు కావాలి. మాలాంటి నలుగురు నడిపే ప్రాజెక్టులకి అది తాహతుకు మించిన పని.

బటన్ సుళువైన కొద్దీ చదువు తగ్గింది. గిట్‌హబ్‌లో ఫైలు తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కితే చాలు. ఫోర్క్ అదే చేస్తుంది, బ్రాంచ్ అదే తెరుస్తుంది, కమిట్ సందేశం కూడా 'అప్‌డేట్ రీడ్‌మీ డాట్ ఎండీ' అని అదే నింపి పెడుతుంది. కోడ్ దింపుకోలేదు, నడపలేదు, చదవలేదు. మా మిర్రర్‌కి వచ్చే వాటిలో ఈ శీర్షికతోనే వచ్చినవి ఎన్నో. ఒకటి రీడ్‌మీలో చివర ఫుల్‌స్టాప్ పెడుతుంది. ఇంకొకటి ఆ ఫుల్‌స్టాప్ తీసేస్తుంది.

దీనికి తోడు బహుమతులు. డిజిటల్ ఓషన్ సంస్థ ప్రతి అక్టోబరులో హ్యాక్టోబర్‌ఫెస్ట్ అని ఒక సంబరం జరుపుతుంది. ఓపెన్ సోర్స్‌కి కొత్తవాళ్ళను తేవాలన్న ఉద్దేశం మంచిదే. 2020లో నాలుగు పుల్ రిక్వెస్టులు పెడితే టీషర్టు. అది ఎంత తేలికో చూపించే వీడియో ఒకటి మన దేశంలోనే తిరిగింది. రీడ్‌మీలో పొగడ్త మాట ఒకటి చేర్చి పంపడమే అందులో నమూనా. అక్టోబరు మొదటి రోజుల్లోనే లోకంలోని మెయింటెయినర్లంతా గగ్గోలు పెట్టారు. ఆ నెల మొదటి వారంలోనే నిర్వాహకులు నిబంధన మార్చి, ముందుగా ఒప్పుకున్న రిపోలవే లెక్కకొస్తాయని ప్రకటించాల్సి వచ్చింది. 2023లో టీషర్టులు ఇవ్వడమే ఆపేశారు. ఒక టీషర్టు కోసం మన పిల్లలు దేశం పేరు బజారుకీడ్చారని ఆ రోజుల్లో నాకు కంటిమీద కునుకు లేదు.

ఆ తర్వాతైనా నేర్చుకున్నామా? 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ప్రాజెక్టు మీద పడ్డారు. ఒక పాఠం వీడియోలో పుల్ రిక్వెస్ట్ ఎలా పెట్టాలో చూపించడానికి ఆ రిపోను ఉదాహరణగా తీసుకున్నారు. చూసిన విద్యార్థులు ఉన్నదున్నట్టు అదే రిపోలో అదే పని చేశారు, రీడ్‌మీలో తమ పేరో, ఊరో, కాలేజీయో చేర్చి. లక్షల వెబ్‌సైట్ల అడుగున నడిచే కోడ్‌ను కాపాడుకునే కొద్దిమంది ఆ పుల్ రిక్వెస్టులన్నీ ఒక్కొక్కటిగా మూస్తూ కూర్చున్నారు. అభ్యాసానికి సొంత రిపో ఒకటి తెరుచుకోమని ఆ పిల్లలకి ఒక్క మాష్టారు చెప్పి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు ఏఐ వచ్చింది. చదవకుండా పంపడానికి ఒకప్పుడు కనీసం వేళ్ళు కదపాల్సి వచ్చేది. ఇప్పుడదీ లేదు. మా ప్రోగ్రాములో జరిగిందే చెబుతాను. తెలుగులో క, ఖ, గ, ఘ నాలుగక్షరాలు. తమిళంలో ఆ నాలుగింటికీ ఒకటే అక్షరం. కాబట్టి మా పట్టికలో నాలుగు వరసలుంటాయి. ఎడమ పక్క నాలుగు వేర్వేరు తెలుగు అక్షరాలు, కుడి పక్క నాలుగుసార్లు అదే తమిళ అక్షరం. చ, ట, త, ప వర్గాలకీ దాదాపు అంతే. తమిళం నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు ఈ నాలుగింట్లో ఏది అన్నది పక్క అక్షరాన్ని బట్టి, మాటను బట్టి తేల్చాలి. మా పని అంతా ఆ తేల్చడంలోనే ఉంది. మిర్రర్‌కి ఒక పుల్ రిక్వెస్ట్ వచ్చింది. పట్టికలో ఒకే విలువ పదేపదే ఉంది, అనవసరమైనవి తొలగించి కోడ్‌ను శుభ్రం చేశాను అని చక్కటి ఇంగ్లిషులో, బొమ్మలూ గుర్తులూ పెట్టి, పేజీడు వివరణ. చేసిందేమిటంటే ఖ, గ, ఘ వరసలు తీసేసింది. అది గనక చేరితే 'గంగ' అన్న మాట మా ప్రోగ్రాములోకి వెళ్ళి బయటికి రాదు.

పంపినవాడు మా పక్క వీధి కుర్రాడే. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే. మూసేశానని తెలిసి ఇంటికొచ్చాడు.

"తాతా, మెర్జ్ చేయండి తాతా. ప్లేస్‌మెంట్ వస్తోంది. ప్రొఫైల్లో ఉంటే బాగుంటుంది."

"ఆ మూడు వరసలు ఎందుకు తీసేశావురా అబ్బాయీ?"

"డూప్లికేట్ అంది తాతా."

"ఎవరంది?"

జవాబు లేదు. కూర్చోబెట్టి, వాళ్ళ నాయనమ్మ తమిళ లిపిలో రాసుకున్న పెళ్ళిపాటల నోటుబుక్కు తెప్పించాను. అందులోంచి నాలుగు వరసలు మా ప్రోగ్రాములో వేయమన్నాను. వాడి మార్పుతో ఒకసారి, వాడి మార్పు లేకుండా ఒకసారి. తన మార్పుతో వచ్చిన పాట చూసి వాడే తల దించుకున్నాడు. ఆ పాటలోనే మా పట్టిక తప్పుగా తేల్చిన మాట ఒకటి కనబడింది వాడికి. దాన్ని పట్టుకుని రెండు వారాలు తన్నుకులాడి, మా సర్వరుకి సరైన ప్యాచ్ పంపాడు. అది చేర్చుకున్నాం. ఆ కుర్రాడిలో తెలివికి కొదవ లేదు. వాడికి ఎవరూ చెప్పలేదు, అంతే. నా కోపం ఆ చెప్పనివాళ్ళ మీద.

మాది చిన్న ప్రాజెక్టు కాబట్టి కుర్రాణ్ణి కూర్చోబెట్టగలిగాను. పెద్దవాళ్ళ పరిస్థితి వేరు. ప్రపంచంలో దాదాపు ప్రతి ఫోనులోనూ ఉండే కర్ల్ ప్రాజెక్టు 2019 నుంచి భద్రతా లోపాలు చూపినవాళ్ళకి డబ్బు బహుమతి ఇస్తూ వచ్చింది. ఏఐ అల్లిన ఉత్తుత్తి లోపాల నివేదికలు భరించలేక 2026 జనవరి ఆఖరుకి ఆ బహుమతే ఎత్తేసింది. జెంటూ లినక్స్ వాళ్ళు 2024లోనే ఏఐ రాసిన కోడ్ మాకొద్దని తీర్మానం చేశారు. కర్ల్‌లో నిజాయితీగా లోపం వెతికేవాడికి దక్కాల్సింది కూడా ఈ చదవని గుంపు వల్లే పోయింది.

తెలుగు విషయమే తీసుకోండి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌కి గిట్‌హబ్‌లో ఉన్నది మిర్రరే. అసలు సమీక్ష 2012 నుంచి గెరిట్ అనే సమీక్షా వ్యవస్థలో జరుగుతోంది. అందులో భాషల ఫోల్డరులో 'టీఈ డాట్ జేసన్' అనే ఫైలు ఉంది. బటన్ల మీద, హెచ్చరికల్లో మనం చదివే తెలుగు మాటలు చాలావరకు అందులోవే. ఒక అచ్చుతప్పు కనబడిందనుకోండి. మిర్రర్లో పెన్సిల్ నొక్కి దిద్ది పంపితే అది అక్కడే పడి ఉంటుంది. గెరిట్‌కి వెళ్ళి ఆ ఫైలు దిద్దినా సరైన దారి కాదు. ఆ మాటలు తయారయ్యేది ట్రాన్స్‌లేట్‌వికీ డాట్ నెట్‌లో. అక్కడ ఖాతా తెరిచి, ఆ సందేశం వెతికి దిద్దితే, బాట్ దాన్ని తీసుకెళ్ళి ఫైల్లో రాస్తుంది. ఫైలు నెత్తిన 'ఆథర్స్' అనే పట్టికలో మీ పేరూ చేరుస్తుంది. కోడ్ ఒక్క వరస రాకపోయినా సరే. పేరు రావాలన్న కోరికా తీరుతుంది, తెలుగూ బాగుపడుతుంది. కోడ్ మార్పే పంపాలి, గెరిట్ తంతు కష్టంగా ఉంది అంటారా? ప్యాచ్ అతికించి పంపడానికి గెరిట్ ప్యాచ్ అప్‌లోడర్ అనే పనిముట్టు కూడా ఉంది. దారులున్నాయి. వెతికేవాళ్ళే లేరు.

మెయింటెయినర్లకి కూడా నా మాట ఒకటి ఉంది. గిట్‌హబ్‌లో ఇష్యూలు మూయొచ్చు, వికీ మూయొచ్చు. పుల్ రిక్వెస్టులు మూసే మీట మాత్రం చాలా ఏళ్ళపాటు లేదు. 2026 ఫిబ్రవరిలో గాని అది రాలేదు. అంతవరకు తలో ఉపాయం పన్నాం. పరస్పర చర్యల పరిమితి పెడితే ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు, మళ్ళీ పెట్టుకోవాలి. రిపోను ఆర్కైవ్ చేస్తే మనమే నెట్టలేం, మిర్రర్ నిలిచిపోతుంది. రెపో లాక్‌డౌన్ లాంటి యాక్షన్ పెట్టి వచ్చిన ప్రతిదాన్నీ మూయించాలంటే దాని వర్క్‌ఫ్లో ఫైలు మిర్రర్లో ఉండాలి. మిర్రర్ అచ్చమైన నకలు కాబట్టి అసలు రిపోలోనే ఆ ఫైలు పెట్టుకోవాలి. ఈ తిప్పలన్నీ పడ్డవాణ్ణి కాబట్టి మీట వచ్చినందుకు నాకూ ఊరటే.

కాని మీట నొక్కేసి చేతులు దులుపుకోవద్దు. బటన్ కనబడకపోతే చదవనివాడు పోతాడు, నిజమే. వాడితోపాటు, నిజంగా తప్పు కనిపెట్టిన ఒక పిల్ల కూడా దారి తెలియక వెనక్కి పోతుంది. వర్ణనలో మొదటి మాటే ఇది మిర్రర్ అని రాయండి. అసలు చోటు చిరునామా ఆ పక్కనే పెట్టండి. ఎలా పంపాలో పది వరసల్లో, ఇంజనీరింగ్ రెండో ఏడు చదివేవాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. మూయాల్సి వచ్చినప్పుడు కారణం చెప్పి, దారి చూపి మూయండి. బాట్ చెప్పినా మాట మెత్తగా ఉండాలి. మా రోజుల్లో మాకు తగిలిన కటువు మాటలు మళ్ళీ ఇంకొకరికి తగలనక్కర్లేదు.

కాలేజీల వాళ్ళకి ఇంకొంచెం గట్టిగానే చెబుతాను. కోవిల్‌పట్టి, విరుదునగర్ చుట్టూ ఇప్పుడు ఎన్ని ఇంజనీరింగ్ కాలేజీలు! 2011లో తమిళనాడు ప్రభుత్వం విద్యార్థులకి లాప్‌టాప్‌లు ఉచితంగా పంచితే, విండోస్ పక్కనే చెన్నై సీడాక్ తయారుచేసిన బాస్ లినక్స్ కూడా అందులో ఉంది. మాకు సీడీ కోసం నెలంతా పత్రిక రాక చూడాల్సి వచ్చిన లినక్స్ ఆ పిల్లలకి చేతికే వచ్చింది. అలా చేతికి వచ్చినదాన్ని ఎలా చదవాలో నేర్పాల్సింది మీరు. గిట్‌హబ్ ప్రొఫైల్లో పచ్చ గళ్ళు ఎన్నున్నాయని లెక్కపెట్టి మార్కులు వేస్తే పిల్లలు గళ్ళే నింపుతారు. చేరిన ప్యాచ్ ఒక్కటి చూపించమనండి. అది ఎందుకు చేరిందో, ముందు ఎన్నిసార్లు ఎందుకు తిరిగొచ్చిందో నోటితో చెప్పమనండి. అప్పుడు తెలుస్తుంది ఎవరు చదివారో.

అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీకు చివరిగా చెప్పేది ఇది. రీడ్‌మీ మొదటినుంచి చివరిదాకా చదవండి. రిపో పేరు కింద మిర్రర్ అన్న మాట ఉందేమో చూడండి. చివరి యాభై కమిట్లు ఎవరు, ఏ దారిన చేర్చారో గమనించండి. మూసేసిన పుల్ రిక్వెస్టులు నాలుగు తెరిచి, ఎందుకు మూశారో చదవండి. కోడ్ దింపుకుని మీ యంత్రం మీద నడపండి. ఇంత చేశాక కూడా మార్పు అవసరమనిపిస్తే, అసలు చోటికి, మీ పేరుతో, మీ మాటల్లో పంపండి. ఏఐ రాసిచ్చిందాన్ని మీకు అర్థం కాకుండా ఎవరికీ పంపకండి. అవతల దాన్ని చదవబోయేది రాత్రి ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి, జీతం లేకుండా ఆ కోడ్‌ను కాపాడుతున్న మనిషి. ఆయన సమయానికి మీరిచ్చే విలువే ఓపెన్ సోర్స్‌లో మీ మొదటి అర్హత.